కేసు సంగతి సరే, నా మీద ఏం రాశారు?

మేజిస్ట్రేటు కోర్టులో బంట్రోతు వరండాలోకి వచ్చి మొదటిసారి మా అక్క పేరు మూడుసార్లు పిలిచినప్పుడు, ఆవిడ నా మోచేతిని పట్టుకున్న పట్టు నాకు ఇంకా గుర్తుంది. పొలం గట్టు దగ్గర 2024 చివర్లో జరిగిన గొడవలో నలుగురు ముద్దాయిలు. ఏ-1 మా బావ వాళ్ల అన్నగారు, అంటే పెద్దాయన, ఏ-2 ఆయన కొడుకు, ఏ-3 బావ, ఏ-4 అక్క. ఆ రోజు లోపల జరిగింది రెండు నిమిషాల పని. నలుగురూ వరుసగా నిలబడ్డారు, ఛార్జిషీటు కాపీలు ముట్టినట్టు సంతకాలు పెట్టారు, పూచీకత్తుదారులు ఇంటి పన్ను రసీదులు, ఆధార్ జిరాక్సులు చూపించారు, వాయిదా పడింది. బయటికి వచ్చాక ఆ నాలుగు కాగితాల కట్టలూ పెద్దాయన చేతిలోంచి వకీలుగారి గుమాస్తా చేతిలోకి వెళ్లిపోయాయి. తిరుగు బస్సులో ఇంటిల్లిపాదీ "కేసు ఏమవుతుందో" అని మాట్లాడుకున్నారు గాని, "నా మీద ఏం రాశారు?" అని ఒక్కరూ అడగలేదు.

ఈ వ్యాసంలో నా వాదన ఆ రెండు ప్రశ్నల మధ్య తేడా గురించే. మనవాళ్లకు కేసు అంటే కుటుంబానికో, కులానికో, వీధికో ఉమ్మడిగా వచ్చిన కష్టం, వరద వచ్చినట్టు. చట్టం మాత్రం అలా చూడదు. నేరారోపణ అనేది ఒక్కొక్క మనిషి మీద, ఒక్కొక్క చర్యకు, ఒక్కొక్క సెక్షను కింద విడివిడిగా నిలబడాలి. ముద్దాయి తరఫు వాదన కూడా అక్కడినుంచే మొదలవుతుంది. ఎంత పేరున్న వకీలును పెట్టుకున్నామన్నది ఆ తర్వాతి మాట. నేను లాయరును కాను. అక్క కోసం దాదాపు ఏడాదిన్నర వాయిదాలకు తిరిగినవాణ్ణి, ఆ కాగితాలు చదివినవాణ్ణి, అంతే.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. మన వార్తల్లో "ఛార్జిషీటు దాఖలు" అని రాగానే ఊళ్లో సగం తీర్పు అయిపోతుంది. ఛార్జిషీటు అంటే దర్యాప్తు ముగించిన పోలీసు అధికారి కోర్టుకు ఇచ్చే నివేదిక, అంటే ఆ అధికారి అభిప్రాయం. దాన్ని, దానితో వచ్చిన పత్రాలను చూసి, ఇరుపక్షాల మాట విని, ఫలానా మనిషిపై ఫలానా అభియోగం విచారించాలని మేజిస్ట్రేటు రాయించేదే అసలు ఛార్జి. ఈ రెండింటి మధ్య కొన్ని నెలల వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే ముద్దాయికి కొన్ని విలువైన హక్కులున్నాయి. రెండింటికీ ఒకే పేరు అంటగట్టడం వల్ల ఆ వ్యవధి మన కంటికి ఆనదు. మాటల ప్రసక్తి వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. ముద్దాయి అనే మాట మనకు ఉర్దూ మీదుగా వచ్చింది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. మన కోర్టు తెలుగులో అది ఎదుటి పక్షానికి మారి, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు అయ్యింది. ఊరి తెలుగులో ఇంకో అడుగు వేసి నేరస్తుడు అయ్యింది. మా అక్కను ఎవరో "ముద్దాయి గారూ" అని వేళాకోళం చేసినప్పుడు ఈ సంగతి చెప్పాను, ఎవరూ నవ్వలేదు.

అరెస్టు దశ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే మావాళ్లకు అరెస్టు జరగలేదు. శిక్ష ఏడేళ్లు మించని నేరాల్లో అవసరం ఏమిటో చెప్పకుండా యాంత్రికంగా అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. ఇప్పుడు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షను కింద పోలీసులు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. మావాళ్లకు వచ్చింది అదే. ఆ నోటీసు అందుకుని హాజరు కాకుండా ఉండటం మాత్రం చేజేతులా అరెస్టు తెచ్చుకోవడమే. అరెస్టు జరిగితే కారణం చెప్పాలి, ఇంట్లోవారికి తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రిమాండులో ఉన్న మనిషిపై నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, పూచీకత్తు ఇవ్వగలిగితే, బెయిలు హక్కుగా వస్తుంది. అయితే అది దానంతట అది వచ్చి తలుపు తట్టదు. ఛార్జిషీటు పడకముందే అడగాలి.

మళ్లీ కాగితాల కట్ట దగ్గరికి వస్తాను. ముద్దాయి హాజరైన తేదీ నుంచి 14 రోజుల్లోపు ఎఫ్ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, తక్కిన పత్రాల నకళ్లు ఉచితంగా ఇవ్వాలని అదే నాగరిక సురక్షా సంహిత 230వ సెక్షను గడువు పెట్టింది. అవి ముద్దాయి సొత్తు. గుమాస్తా దగ్గరినుంచి అక్క కట్టను వెనక్కి తెచ్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అడిగినప్పుడల్లా "మీకెందుకండీ, సార్ చూసుకుంటారు" అనేవాడు. చివరికి అతని బల్లమీదే జిరాక్సు తీయించుకున్నాను, నలభై ఒక్క పేజీలు. మూడోవంతు పేజీల్లో అక్షరాలు మసకబారి ఉన్నాయి, వాటిని కోర్టులో మళ్లీ అడిగి తీసుకోవలసి వచ్చింది.

ఆ కట్టను నేను ముందు నుంచి వెనక్కి చదివి తప్పు చేశాను. ఛార్జిషీటు మొదటి పేజీలు కథ చెబుతాయి. 'సదరు ముద్దాయిలు అందరూ ఏకమై' అని మొదలయ్యే ఆ కథ చదివితే, అక్కడ లేని నాకు కూడా మావాళ్లే తప్పు చేశారేమో అనిపించింది. రెండోసారి కాలక్రమంలో చదివాను. ఏ కాగితం ఏ తేదీన, ఏ వేళకు పుట్టిందో ఒక తెల్లకాగితం మీద రాసుకుంటూ వెళ్తే, కథ పొరలు పొరలుగా విడిపోయింది. అన్నిటికంటే ముందు పుట్టినది ఎఫ్ఐఆర్ కాదు, ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు రాసిన గాయాల సర్టిఫికెట్టు. గొడవ జరిగిన గంటన్నరకు, ఫిర్యాది పోలీసుల దగ్గరికి వెళ్లకముందు, అతను చెప్పగా డాక్టరు చేత్తో రాసిన ఒక వరుస అందులో ఉంది: తెలిసిన ఇద్దరు వ్యక్తులు కొట్టారని. ఇద్దరు. మర్నాటి ఉదయం ఎఫ్ఐఆర్‌లో ఏ-1, ఏ-2 పేర్లతో పాటు 'వారి ఇంటివారు' అని ఉంది. అక్కాబావల పేర్లు విడిగా మొదటిసారి కనిపించేది తొమ్మిదో రోజున నమోదైన సాక్షుల వాంగ్మూలాల్లో. ఆ వాంగ్మూలాల్లో ముగ్గురు సాక్షులు బావ గురించి చెప్పిన వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఒకటే, చివర ఉన్న అచ్చుతప్పుతో సహా.

దీన్ని చూసి కేసు గెలిచేశామని నేను బస్టాండులో గంతులు వేసినంత పని చేశాను. అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. డాక్టరు రాసుకున్న ఆ వరుస ఒక్కటే కేసును కొట్టేయదు. ఫిర్యాదిని ఏ ప్రశ్న అడగాలో మాత్రం చేతిలో పెడుతుంది. పోలీసులు రాసుకున్న సాక్షి వాంగ్మూలం కూడా అంతే. దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, ప్రాసిక్యూషన్ దాన్నే రుజువుగా చూపలేదు. సాక్షి బోనులో మాట మార్చితే ఆ తేడాను బయటపెట్టడానికే అది ముఖ్యంగా పనికొస్తుంది. అంటే ఆ పేజీలను అందరికంటే శ్రద్ధగా చదవవలసినది ముద్దాయి పక్షమే. ఆచరణలో వాటిని ఆ పక్షమే చదవదు.

ఇక సెక్షన్లు. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్లే వర్తిస్తాయి, తర్వాతి వాటికి కొత్తవి. అందువల్ల కోర్టు వరండాలో ఇంకా కొన్నేళ్లు రెండు భాషలు నడుస్తాయి, "పాత 324, కొత్త 118" అంటూ. మావాళ్ల ఛార్జిషీటులో 329(3), 115(2), 118(1), 351(2), వాటికి తోకగా 3(5) ఉన్నాయి. మొదటిది అక్రమ ప్రవేశం, మూడు నెలల వరకు శిక్ష. రెండోది గాయపరచడం, ఏడాది వరకు. నాలుగోది బెదిరింపు, రెండేళ్ల వరకు. మూడోది ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, మూడేళ్ల వరకు. జైలు మాట అలా ఉంచి, ఈ మూడేళ్లకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. శిక్ష రెండేళ్లు దాటితే కేసు వారెంటు కేసు పద్ధతిలో నడుస్తుంది, అప్పుడు అభియోగం నిరాధారమని డిశ్చార్జి, అంటే సాక్షుల విచారణకు ముందే కేసునుంచి విడుదల, కోరే దశ ముద్దాయికి దొరుకుతుంది. ఇక్కడి ఆయుధం ఏమిటంటే పార కామ, అంటే దాని కర్ర పిడి. పారతో నరికితే ఒక మాట, ఊడిన కామతో కొడితే అది ప్రాణం తీసే స్వభావం గల సాధనమా కాదా అన్నది నిజంగానే వాదించదగ్గ విషయం. ఆ సెక్షను నిలబడకపోతే మిగిలేవి చిన్న నేరాలే, వాటిని రాజీ చేసుకోవచ్చు.

నా దృష్టిలో ఆ వరుసలో అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరి తోక, 3(5). అది విడి నేరం కాదు. పాత 34వ సెక్షను. కొందరు ఒకే ఉద్దేశంతో కలిసి ఒక పని చేస్తే, చెయ్యి ఎవరిదైనా బాధ్యత అందరిదీ అనే సూత్రం. అయిదుగురు ఉంటే చట్టవిరుద్ధ సమూహం అనే వేరే సెక్షను వచ్చేది. నలుగురే గనుక ఈ తోక తగిలించారు. బావ మీద నలభై ఒక్క పేజీల్లో ఉన్నది 'నెట్టివేసినాడు' అన్న ఒకే ఒక క్రియ. అక్క మీద ఉన్నది 'తిట్టినది'. పార కామ దెబ్బ వాళ్ల మీదికి వచ్చేది ఈ తోక మీదుగానే. అంటే వాళ్లిద్దరి కేసులో అసలు ప్రశ్న ఎవరు కొట్టారన్నది కాదు. పెద్దాయన కామ ఎత్తబోతున్నాడని వీళ్లకు ముందే తెలుసా, ఆ ఉద్దేశంలో వీళ్లకు వాటా ఉందా అన్నదే ప్రశ్న.

ఇక్కడే ఇంట్లో గొడవ మొదలయ్యింది. నలుగురికీ కలిపి పెద్దాయన ఒకే వకీలును పెట్టారు, ఫీజూ ఆయనే ఇచ్చారు. ఆ వకీలుగారు అనుభవమున్న మనిషి. ఆయన అనుకున్న వాదం ఏమిటంటే, ఆ రోజు మావాళ్లెవరూ పొలంలోనే లేరని. ఏ-1కి అది పనికొచ్చే వాదమేమో గాని, అక్కాబావలకు విషం. వాళ్లు నిజంగా కేకలు విని, గొడవ ఆఖర్లో విడదీయడానికి వచ్చినవాళ్లు. డాక్టరు కాగితంలోని 'ఇద్దరు' అన్న మాట వాళ్ల కథకు అతుకుతుంది. 'ఎవరం లేము' అంటే ఆ మాటను వాడుకోలేరు. ఉమ్మడి వకీలు ఏ-3 కోసం ఆ ప్రశ్న అడిగితే, ఏ-1, ఏ-2లే కొట్టారని తన నోటితోనే చెప్పినట్టవుతుంది. ఒక ముద్దాయి రక్షణ ఇంకో ముద్దాయికి ఉరి అయ్యేచోట ఒకే వకీలు ఇద్దరికీ న్యాయం చేయలేడు, ఎంత సమర్థుడైనా, ఎంత నిజాయితీపరుడైనా. మన కుటుంబాలు దీన్ని వెన్నుపోటుగా చూస్తాయి. "అన్నదమ్ములు కోర్టులో విడిపోతే ఎదుటివాడు నవ్వడా?" అని పెద్దాయన బావను నిలదీశారు. బావ తల దించుకుని కూర్చున్నాడు. అక్క మాత్రం, "బావగారూ, జైలుకు కూడా కలిసే వెళ్దామంటారా?" అని ఒక్క మాట అన్నది. ఆ తర్వాత రెండు నెలలు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు.

వేరే వకీలుకు డబ్బు లేదు. అప్పుడే న్యాయ సేవాధికార సంస్థ గుర్తుకొచ్చింది. ఉచిత న్యాయ సహాయం అనగానే మనకు ఉచిత కంటి శిబిరంలాంటి ఊహ కలుగుతుంది, దయతో ఇచ్చేది, నాసిరకంది అని. రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976లో చేరింది. న్యాయవాదిని పెట్టుకోలేని ముద్దాయికి ఆ సహాయం 21వ అధికరణం కింద ప్రాణ, స్వేచ్ఛా హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో చెప్పింది. ముద్దాయి అడగలేదన్న సాకుతో దాన్ని ఎగ్గొట్టరాదని 1986లో సుక్ దాస్ కేసులో తేల్చింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు మొదలైనవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. తక్కినవారికి రాష్ట్రం ఆదాయ పరిమితి పెడుతుంది. కాబట్టి అక్కకు ఏ ధ్రువపత్రమూ అక్కర్లేకపోయింది, ఆవిడ స్త్రీ కావడమే చాలింది. బావ మాత్రం తహశీల్దారు కార్యాలయం చుట్టూ ఆదాయ పత్రం కోసం తిరిగాడు. మండల స్థాయిలో కోర్టు ఆవరణలోనే కమిటీ ఉంటుంది, జిల్లా కేంద్రంలో సంస్థ ఉంటుంది, 15100కు ఫోను చేసి కూడా అడగవచ్చు. 2022 నుంచి చాలా జిల్లాల్లో డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి వచ్చింది. అందులో పనిచేసే న్యాయవాదులు బయటి కేసులు తీసుకోరు, ముద్దాయిల తరఫున వాదించడమే వాళ్ల ఉద్యోగం. నిజం చెప్పాలంటే అందరూ ఒకేలా ఉండరు. ఫైలు తెరవకుండా వాయిదా అడిగేవారినీ అక్కడ చూశాను, ప్రైవేటు వకీళ్లలో చూసినట్టే. నచ్చకపోతే మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. క్లయింటు దగ్గర డబ్బు తీసుకోవడానికి మాత్రం వారికి వీల్లేదు, అడిగితే ఫిర్యాదు చేయవలసిందే.

మాకు దొరికిన న్యాయవాది చిన్న వయసు ఆవిడ. మొదటి రోజు నేను నా తెల్లకాగితం గర్వంగా ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చదివి, 'ఇద్దరు' అన్న వరుస దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, "ఇది డిశ్చార్జి పిటిషన్‌లో రాయను. మీరు కూడా బయట ఎవరితో అనకండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. బలమైన ముక్కను దాచుకోవడమేమిటి? ఆవిడ ఓపికగా చెప్పారు. డిశ్చార్జి దశలో మేజిస్ట్రేటు సాక్ష్యాన్ని తూకం వేయరు, పైపైన చూసి విచారించడానికి ఆధారం ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. అక్కడ ఆ ముక్క చూపిస్తే పిటిషన్ ఎలాగూ నెగ్గకపోవచ్చు, ఫిర్యాదికి మాత్రం రేపు చెప్పుకోవలసిన జవాబు ముందే తెలిసిపోతుంది. ఆ పిటిషన్‌లో కామ ఆయుధమా కాదా అన్నదీ, 3(5)కు ఆధారమేదీ అన్నదీ మాత్రమే ఉంచారు. ఆవిడ అన్నట్టే పిటిషన్ కొట్టేశారు, నలుగురి మీదా అభియోగాలు ఖరారయ్యాయి. కాగితాలు చదవడం ముద్దాయి పని, వాటిలో ఏది ఎప్పుడు బయటపెట్టాలన్నది వకీలు పని అని నాకు అప్పుడు అర్థమైంది.

అభియోగం చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటారా అని అడిగే రోజుకు ముందు ఇంకో ప్రలోభం ఎదురైంది. కోర్టు బయట టీ బల్ల దగ్గర తెలిసినాయన ఒకరు, "ఒప్పేసుకోండి, ఫైను కట్టి పోతారు, ఇన్ని వాయిదాలు ఎవడు తిరుగుతాడు" అన్నారు. కూలిపని మానుకుని నెలకో రోజు కోర్టుకు వచ్చేవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. కాని జరిమానా అయినా అది శిక్షే, రికార్డులో నేరస్థాపనే. ఒప్పుకున్నాక అప్పీలులో శిక్ష పరిమాణం గురించో, అది చట్టబద్ధమా కాదా అన్న దాని గురించో తప్ప నేరం చేయలేదని చెప్పే దారి మూసుకుపోతుంది. రేపు ప్రభుత్వోద్యోగపు దరఖాస్తులో ఆ గడి నింపాలి, దాచితే దాచినందుకు ఇంకో చిక్కు. నిజంగా తప్పు చేసినవాడు ఆలోచించి, వకీలుతో మాట్లాడి ఒప్పుకోవడం వేరు. అలసిపోయి ఒప్పుకోవడం వేరు. మన చిన్న కోర్టుల్లో రెండోదే ఎక్కువని నా అనుమానం.

వకీలుతో వ్యవహారం గురించి నేను చూసి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. వాయిదాకు ముందు రోజు "రేపు ఏ దశ?" అని అడగాలి. కాపీలా, ఛార్జీనా, సాక్ష్యమా, వాదనలా అన్నది తెలిస్తే సగం భయం పోతుంది. కేసుకు పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, దానితో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా మనమే చూసుకోవచ్చు. రాలేని రోజున ఆబ్సెంటు పిటిషన్ వేయించాలి, లేకపోతే వచ్చేది నాన్‌బెయిలబుల్ వారెంటు. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం, "కొట్టేయిస్తే ఇంత" అన్న వకీలు దగ్గర ఆగవద్దు. వకీలును మార్చుకోవాలనుకుంటే, ఫీజు బాకీ ఉందని ఫైలును అట్టిపెట్టుకునే హక్కు ఆయనకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఆ గుమాస్తా బల్ల దగ్గర మూడు వారాలు నిలబడినప్పుడు ఈ సంగతి నాకు తెలిసి ఉంటే బాగుండేది.

మొన్న ఫిర్యాది బోనెక్కాడు. ఏపీపీ, అంటే ప్రభుత్వం తరఫు న్యాయవాది, అడిగినవాటికి ఛార్జిషీటు ప్రకారమే చెప్పాడు, నలుగురూ కొట్టారని. ఏ-1, ఏ-2 తరఫు వకీలు ఎవరూ పొలంలో లేరన్న ధోరణిలోనే ప్రశ్నించి కూర్చున్నారు. మా న్యాయవాది లేచి అడిగినవి ఎనిమిది ప్రశ్నలు. ఆసుపత్రికి ఎన్ని గంటలకు వెళ్లారు, స్పృహలోనే ఉన్నారా, డాక్టరుతో మీరే మాట్లాడారా అని మెల్లగా తీసుకువెళ్లి, ఎందరు కొట్టారని డాక్టరుకు చెప్పారు అని అడిగారు. నలుగురని చెప్పాను అన్నాడు. ఆవిడ ఆ జవాబును రాయించుకుని, ఇక ప్రశ్నలు లేవని కూర్చున్నారు. కాగితం చూపించి అక్కడే పట్టుకోలేదేమని బయటికి వచ్చాక నేను అడగబోతుంటే అక్కే నన్ను ఆపి, "డాక్టరు రానీరా" అన్నది. డాక్టరుకు సమన్లు వెళ్లాయి, వాయిదా వచ్చే నెల పదకొండున. తన నలభై ఒక్క పేజీలు ఇప్పుడు అక్క సంచిలోనే ఉంటున్నాయి.